ఖాళీలు లేని డైరెక్టరేట్

పింఛన్ల డైరెక్టరేట్‌లో ఖాళీలు ఉండకూడదని కమిషనర్ ఉపేంద్రనాథ్‌గారు నిశ్చయించుకున్నది ఊటీలో. అక్కడ ఒక కొండ మీది హోటల్లో అధికారులకు నాయకత్వ శిబిరం జరిగింది. చివరి రోజు భోజనాలయ్యాక ఒక శిక్షకుడు చెవికి మైకు తగిలించుకుని అటూ ఇటూ తిరుగుతూ, సమాచారంలో ఖాళీ అంటే పాలనలో ఖాళీ అన్నాడు. మిగతా అధికారులు అప్పటికే కునికిపాట్లు పడుతున్నారు కాబట్టి వాళ్ళ శాఖలు బతికిపోయాయి. ఉపేంద్రనాథ్‌గారు మెలకువగా ఉన్నారు.

ఆయన బెజవాడ తిరిగి వచ్చిన రోజే సర్క్యులర్ వెలువడింది. "డైరెక్టరేట్ పరిధిలోని ఖాళీలన్నింటినీ యుద్ధప్రాతిపదికన భర్తీ చేయవలెను." అది చదివి ఆఫీసంతా సంబరపడింది. మూడో వంతు కుర్చీల్లో ఏళ్ళ తరబడి మనుషులు లేరు. ఉన్నవాళ్ళు రెండేసి సీట్ల పని లాగుతున్నారు. యూనియన్‌వాళ్ళు మైసూర్‌పాక్ తెప్పించి పంచారు. సాయంత్రానికి వివరణ వచ్చింది. ఖాళీలనగా కంప్యూటర్ పట్టికలలోని ఖాళీ గడులు మాత్రమేననీ, ఉద్యోగాల ఖాళీలు యథాతథంగా కొనసాగుననీ అందులో ఉంది. మైసూర్‌పాక్ అప్పటికే తినేశారు.

పని వచ్చి సిస్టమ్స్ విభాగం అసిస్టెంట్ డైరెక్టర్ మందరపు హైమవతి నెత్తిన పడింది. నలభై దాటిన మనిషి, పని తెలిసిన మనిషి, తనకు పని తెలుసని తనకు బాగా తెలిసిన మనిషి. పైవాళ్ళ తెలివి మీద ఆమెకు ఏనాడూ గౌరవం లేదు గాని వాళ్ళ సంతకాల మీద చాలా ఉంది. డిప్యూటీ డైరెక్టర్ ప్రమోషన్ల జాబితా ఆ ఏడే తయారవుతోంది. అందులో తన పేరు ఉండాలంటే నోరు తక్కువ విప్పాలని ఇంట్లో భర్త రోజూ గుర్తుచేస్తూనే ఉన్నాడు.

ఆ డైరెక్టరేట్ ఒకప్పుడు మూడు శాఖలు. వృద్ధుల పింఛన్లు ఒకటి, వితంతువుల పింఛన్లు ఒకటి, చేనేత కార్మికుల పింఛన్లు ఒకటి. ప్రతి శాఖా ఆయా కాలపు అధికారి ముచ్చట కొద్దీ తలో కంపెనీ డేటాబేస్ కొనుక్కుంది. తర్వాత శాఖలు కలిశాయి గాని డేటాబేస్‌లు కలవలేదు. మూడూ ఒకే భాష మాట్లాడతాయని అమ్మినవాళ్ళు చెప్పారు. అది నిజమే, శ్రీకాకుళం మనిషీ అనంతపురం మనిషీ ఆదిలాబాదు మనిషీ ఒకే తెలుగు మాట్లాడినట్టు మాట్లాడతాయి. మొదటి పదిమంది పేర్లు చూపించమనాలంటే వృద్ధుల డేటాబేస్‌కు పదిమంది అన్న మాట వాక్యం మొదట్లోనే చెప్పాలి. వితంతువుల దానికి చివర చెప్పాలి. చేనేతది పాతకాలపు సరుకు. దానికి ముందు అందరినీ వరసలో నిలబెట్టమని చెప్పి, నిలబెట్టాక లెక్కపెట్టమనాలి. ఆ క్రమం తప్పితే చేతికందిన పదిమందిని పట్టుకొచ్చి, వాళ్ళనే తర్వాత తీరిగ్గా వరసలో నిలబెడుతుంది. ఈ మూడు యాసలూ హైమవతికి కొట్టిన పిండి.

అసలు ఖాళీలు ఎన్నున్నాయో లెక్క తీయడానికి కమిషనర్‌గారు ఆమెను కాక ఒక కన్సల్టెన్సీని పెట్టారు. వాళ్ళు మూడు డేటాబేస్‌లనూ ఒకటే అడిగారు, ఖాళీకి సమానమైన గడులు ఎన్ని అని. మూడూ సున్నా అన్నాయి. మర్నాటికి గేటు మీద ఫ్లెక్సీ లేచింది. కమిషనర్‌గారి నిలువెత్తు ఫొటో పక్కన ఒక పెద్ద సున్నా. దూరం నుంచి చూసేవాళ్ళకు అది ఆయన మార్కుల్లా కనిపించేది.

సమీక్షా సమావేశంలో అందరూ చప్పట్లు కొడుతుంటే హైమవతి భర్త చెప్పిన మాట మరచిపోయింది.

"సర్, ఖాళీ అంటే అక్కడేముందో తెలీదని. తెలీనిదీ తెలీనిదీ సమానమేనా అంటే ఏ డేటాబేసూ అవునని చెప్పదు, కాదనీ చెప్పదు. ఊరుకుంటుంది, అందుకే సున్నా వచ్చింది. 'ఖాళీకి సమానమా' అని కాదు, 'ఖాళీయేనా' అని అడగాలి" అంది.

అడిగి చూపించమన్నారు కమిషనర్‌గారు. ఆమె అక్కడికక్కడే అడిగింది. గోడ మీది తెర మీద నలభై ఒక్క లక్షలు వచ్చింది. చప్పట్లు ఆగిపోయాయి. పరిపాలనా విభాగం జాయింట్ డైరెక్టర్ గుత్తికొండ శరభయ్యగారు మాత్రం తల ఎత్తకుండా చేతి గడియారం చూసుకుని ఏదో రాసుకున్నారు. సర్వీసు నిబంధనలు ఆయనకు కంఠతా వచ్చు. వాటి అర్థంతో ఆయన ఎప్పుడూ పెట్టుకోలేదు.

సాయంత్రం ఆమె బల్ల మీదికి మెమో వచ్చింది. "తాము ప్రశ్న వేయుటకు పూర్వము ఖాళీలు సున్నా కాగా, ప్రశ్న వేసిన పిమ్మట నలభై ఒక్క లక్షలైనవి. మధ్యకాలమున సదరు డేటాబేసులను తాకినవారు తాము మాత్రమే. ఇన్ని లక్షల గడులను ఖాళీ చేసినందులకు తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో వివరింపవలెను."

విచారణాధికారి శరభయ్యగారే. హైమవతి కాగితం మీద గడులు గీసి మరీ వివరించింది. ఆయన శ్రద్ధగా విన్నారు. అంతా విని, ఒక ఖాళీ మరో ఖాళీకి సమానం కాదనడం తనకు మింగుడు పడటం లేదన్నారు. రాజ్యాంగం ముందు అందరూ సమానమే అయినప్పుడు, ఏమీ లేనివాటికి ఆ హక్కు ఇంకా ముందు ఉండాలి కదా అన్నారు. ఆమె నవ్వింది. ఆ నవ్వును కూడా ఆయన రికార్డు చేశారు. వారం తిరగకుండా ఉత్తర్వు వెలువడింది. ఇకపై ఈ డైరెక్టరేట్ పరిధిలో ప్రతి ఖాళీయు ఇతర ఖాళీలన్నింటికిని సమానముగా పరిగణింపబడును. ప్రతిని సర్వర్ గది తలుపుకు అంటించారు. సర్వర్లు దానిని పాటించలేదు. వాటికీ ఒక తాఖీదు వెళ్ళింది.

దాని వెనకే ఆడిట్‌వాళ్ళ అభ్యంతరం వచ్చింది. ఒకే విషయాన్ని వృద్ధులను ఒక రకంగా, వితంతువులను ఒక రకంగా, చేనేతవారిని ఇంకో రకంగా అడగడం వర్గ వివక్ష కిందికి వస్తుందట. కమిషనర్‌గారు వెంటనే ఏకరూప ప్రశ్నా విధానం ప్రకటించారు. ఏ ప్రశ్న వేసినా అక్షరం పొల్లుపోకుండా మూడింటికీ అదే వేయాలి. దీంతో మొదటి పదిమంది పేర్లు అడిగే దారి మూసుకుపోయింది. ఎవరికైనా పదిమంది కావాలంటే, ఉన్న లక్షలమందినీ అచ్చు కొట్టించి పైనున్న పదిమందిని కత్తిరించి ఇచ్చేవారు. కాగితాల కోసం ఇంకో గది తీసుకోవలసి వచ్చింది. ఆ గదిలో సిబ్బందిని వేయడానికి మాత్రం ఖాళీలు భర్తీ కాలేదు.

ఖాళీలు నింపే పని జిల్లాల మీద పడింది. గడువు నెలాఖరు. పెళ్ళికాని ఆడవాళ్ళకు భర్త పేరు గడిలో "వర్తించదు" అని రాశారు. వర్తించదు అనే వ్యక్తికి ఒక్క జిల్లాలోనే వేలమంది భార్యలున్నారని విజిలెన్స్‌వాళ్ళు కనిపెట్టి, అతని ఆచూకీ కోసం పోలీసులకు రాశారు. తెలివైన కొన్ని జిల్లాలవాళ్ళు రెండు కొటేషన్ గుర్తులు పెట్టి మధ్యలో ఏమీ రాయకుండా వదిలేశారు. వృద్ధుల డేటాబేసూ వితంతువుల డేటాబేసూ దాన్ని నిండినట్టే ఒప్పుకున్నాయి. ఏమీ లేకపోతే ఖాళీయే అంది చేనేతది. మూడింటిలో నిజం చెప్పింది అదొక్కటే కాబట్టి దాని జిల్లాల అధికారులకు మెమోలు వెళ్ళాయి.

ఏం చేసినా నిండని గడి ఒకటి మిగిలింది. అది మరణ తేదీ. నిండకపోవడానికి కారణం పింఛనుదారులు బతికి ఉండటమేనని హైమవతి వెళ్ళి కమిషనర్‌గారికి విన్నవించింది.

"బతికున్నవాళ్ళకి మరణ తేదీ ఉండదు సర్."

"అసలు ఉండనే ఉండదా, ఇంకా ఖరారు కాలేదా?" అన్నారాయన.

"ఖరారు కాలేదు సర్."

"అంటే పెండింగ్. నా డైరెక్టరేట్‌లో ఇన్ని లక్షల పెండింగా అమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు, నిజమైన బాధ ఉంది. ఎదురుగా బల్ల మీద ప్రమోషన్ల ఫైలూ, దాని కింద ఆమె మీది విచారణ ఫైలూ ఉన్నాయి. హైమవతి రెంటినీ చూసింది. అప్పుడు తనంతట తానే ఒక ఉపాయం చెప్పింది. బతికున్నవాళ్ళందరికీ తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిదో సంవత్సరం డిసెంబరు ముప్పై ఒకటి అని వేద్దామంది. పింఛన్లు ఎవరికివ్వాలో డేటాబేస్‌ను అడిగే క్వెరీలో మరణ తేదీ ఖాళీగా ఉన్నవాళ్ళకు అనే చోట, మరణ తేదీ ఇంకా రానివాళ్ళకు అని మారిస్తే సరిపోతుందంది. కమిషనర్‌గారు కుర్చీలోంచి లేచి, దూరదృష్టి అంటే ఇదీ అన్నారు. విచారణ ఫైలు మూసేయమని శరభయ్యగారికి చెప్పారు.

ఆమెకు ఒక సంగతి తెలుసు. చేనేత డేటాబేస్‌కు సంవత్సరాన్ని నాలుగు అంకెల్లో చదవమని ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే చివరి రెండు అంకెలే తీసుకుని, మిగతా రెండూ తనకు తోచినవి తగిలించుకుంటుంది. తొంభైతొమ్మిది అంటే దానికి తోచేది పంతొమ్మిదివందల తొంభైతొమ్మిదే. ఆ ఒక్క మాట చేరిస్తే ప్రశ్న ఏకరూపం కాకుండా పోతుంది, మళ్ళీ కమిటీ, మళ్ళీ శరభయ్యగారు, మళ్ళీ రాజ్యాంగం. అప్పుడే మూసిన ఫైలు తెరుచుకుంటుంది. తేడా వస్తే పైవాళ్ళకే తెలుస్తుంది, వాళ్ళ రూలు వాళ్ళే మార్చుకుంటారు అనుకుంది. నోరు విప్పకుండా క్వెరీ నడిపించేసింది.

చేనేత పింఛనుదారులు లక్షలమంది ఆ మధ్యాహ్నం కన్ను మూశారు. అదీ పాతికేళ్ళ వెనక్కి వెళ్ళి, పంతొమ్మిదివందల తొంభైతొమ్మిది డిసెంబరు ముప్పై ఒకటిన. ఆ నెల పింఛను ఒక్కరికీ పడలేదు. చీరాలలో, మంగళగిరిలో, వెంకటగిరిలో జనం బ్యాంకుల ముందు నిలబడ్డారు. వాళ్ళు పోయారని కౌంటర్ల దగ్గర ఉన్నవాళ్ళు వాళ్ళకే చెప్పారు.  తేదీలు తీసేస్తానని హైమవతి శరభయ్యగారి దగ్గరికి వెళ్ళింది. తీస్తే గడి ఖాళీ అవుతుంది, ఖాళీ నిషిద్ధం అన్నారాయన. వేరే ప్రశ్నతో సరిచేస్తానంది. ఏకరూపానికి విరుద్ధం అన్నారు. మరి వాళ్ళేం కావాలని అడిగింది.

"జీవించియున్నవారు స్వయముగా హాజరై, తమ మరణ తేదీని తామే ప్రకటించుకొనవచ్చును. అందుకు నిబంధనలలో ఆటంకం లేదు" అన్నారు శరభయ్యగారు. ఆయన అలా మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషికి రాసిచ్చినట్టే ఉండేది.

చీరాలలో చేనేత సొసైటీ హాల్లో ఒక శిబిరం పెట్టారు. పర్యవేక్షణ హైమవతిది. మార్గదర్శకాలు గోడకు అంటించారు. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాలు ఎంచుకోరాదు. నూరేళ్ళ వయసు దాటిన తేదీ కావాలంటే ఆర్థిక శాఖ అనుమతి తెచ్చుకోవలెను. ప్రకటించిన తేదీని పొడిగించదలచినవారు ఆ తేదీ లోపున దరఖాస్తు చేసుకొనవలెను, తదనంతరం వచ్చినవి పరిశీలింపబడవు. తేదీలన్నీ వస్తే రాబోయే ఏళ్ళ బడ్జెట్ అంచనాలు కచ్చితంగా వేయవచ్చని ఆర్థిక శాఖ అప్పుడే ఉత్సాహంగా ఉంది.

జనం వచ్చారు. ఒకాయన ఏకాదశి అయితే బాగుంటుందన్నాడు. ఒకామె ఏడ్చి వెళ్ళిపోయింది. మొగుడూ పెళ్ళాలు ఇద్దరు ఒకే రోజు ఇమ్మంటే, ఎవరు ముందో రాయాలన్నాడు క్లర్కు. వాళ్ళు అక్కడే తగువు పడ్డారు, ముందు నేనంటే నేనని. హైమవతి కిటికీ వైపు తిరిగి కూచుంది.

తర్వాత వచ్చినావిడ బూదాటి మహాలక్ష్మమ్మ. డెబ్బై దాటింది, ఒక కంట్లో శుక్లం. మగ్గం మీద ఏళ్ళ తరబడి వంగీ వంగీ నడుము అలాగే నిలిచిపోయింది. ఏ తేదీ రాయమంటావని క్లర్కు అడిగితే, ఈ రూలు పెట్టిందెవరని అడిగింది. కమిషనర్‌గారని చెప్పారు.

"ఆయన ఏ రోజు రాసుకున్నాడో నాకూ అదే రాయి నాయనా. అంత పెద్దాయనకి లేని తొందర నాకెందుకు?"

వెనక వరసలో ఉన్నవాళ్ళు తమకూ అదే తేదీ కావాలన్నారు. అప్పటికే రాయించుకున్నవాళ్ళు తిరిగొచ్చి మార్చమన్నారు. ఏకాదశి ఆయన కూడా వచ్చాడు. సాయంత్రానికి మంగళగిరి, వెంకటగిరి శిబిరాల నుంచీ అదే కబురు. ఇది నిబంధనలకు విరుద్ధమా అని హైమవతి ఫోన్లో అడిగితే, కాదన్నారు శరభయ్యగారు. ఒకే తేదీ కోరుకోవడం ఏకరూప విధానానికి అనుకూలమే. కాకపోతే ఆ తేదీ ఏదో తెలియాలి.

ఆ తేదీ కోసం శరభయ్యగారే ఫైలు పట్టుకుని కమిషనర్‌గారి గదిలోకి వెళ్ళారు. హైమవతి కూడా ఉంది. లక్షలాది లబ్ధిదారులు తమరి మరణ తేదీ కోసం ఎదురుచూచుచున్నారని, ప్రజాహితం దృష్ట్యా సత్వరమే సెలవీయవలెనని ఆయన వినయంగా మనవి చేశారు. ఉపేంద్రనాథ్‌గారు గోడ మీది పంచాంగం వైపు చూశారు. ఇవాళ అమావాస్య, ఇవాళ ఈ ఫైలు ఎవరు తెమ్మన్నారన్నారు. మర్నాడు తెచ్చారు. మర్నాడు పాడ్యమి, అదీ మంచిది కాదన్నారు. ఆ తర్వాత ఆయన రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. తిరిగి వచ్చేటప్పటికి చేతికి కొత్త ఉంగరం, నోట్లో కొత్త ఆలోచన ఉన్నాయి. గడి ఉంటే గదా ఖాళీ ఉండేది అన్నారు. మరణ తేదీ గడినే మూడు డేటాబేస్‌లలోంచీ తీసేయమన్నారు.

హైమవతి ఈసారి నోరు విప్పింది. "సర్, నిజంగా చచ్చిపోయినవాళ్ళ తేదీలు కూడా పోతాయి."

"పోనివ్వండమ్మా. పోయినవాళ్ళవే కదా" అన్నారాయన.

అవసరమైనప్పుడు తిరిగి పెట్టుకోవడానికి ముందు వేరే చోట ఒక నకలు తీసి ఉంచుతానంది. మరణాల నకలు ఈ ఆఫీసులో ఉండటానికి వీల్లేదన్నారు. ఆమె వెళ్ళి గడి తీసేసే ఆజ్ఞ రాసింది. ఆ ఆజ్ఞ ఒక్కటి మాత్రం మూడు డేటాబేస్‌లలోనూ ఒకేలా రాయవచ్చు. అక్షరం పొల్లుపోలేదు. ఏకరూప ప్రశ్నా విధానం సంపూర్ణంగా విజయవంతమైన సందర్భం అదొక్కటే.

గడి పోవడంతో పింఛను క్వెరీలోని షరతు కూడా తీసేయవలసి వచ్చింది. ఆ నెల పింఛను బతికున్నవాళ్ళందరికీ పడింది. పోయినవాళ్ళకూ పడింది. ముప్పై ఏళ్ళలో పోయినవాళ్ళంతా లేచి వచ్చేసరికి లబ్ధిదారుల సంఖ్య ఇంచుమించు రెట్టింపయింది. ఆ విస్తరణకూ, నమోదైన మరణాల రేటును సున్నాకు తెచ్చినందుకూ డైరెక్టరేట్‌కు బహుమానం వచ్చింది. గేటు మీది ఫ్లెక్సీలో సున్నాను మార్చనక్కర్లేకపోయింది. హైమవతి డిప్యూటీ డైరెక్టర్ అయింది. పై అంతస్తులో గది, ఆఫీసు కారు ఇచ్చారు. భర్త సంతోషించాడు. ఆమె కూడా సంతోషించానని చెప్పింది.

కొన్నాళ్ళకు మహాలక్ష్మమ్మ చీరాల నుంచి రైలెక్కి ఆ గదికి వచ్చింది. తన పింఛను వస్తోంది. అందుకు కాదు. తన భర్తకు కూడా పడుతోందని బ్యాంకువాళ్ళు చెప్పారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. తమది కాని సొమ్ము తమకెందుకు, ఆపించమని అడగడానికి వచ్చింది. కింది సెక్షన్లో ఎవరిని అడిగినా పైకి వెళ్ళమన్నారు.

హైమవతి ఆమెను కూచోబెట్టి మంచినీళ్ళు తెప్పించింది. అలవాటు కొద్దీ కంప్యూటర్‌లో ఆయన పేరు పెట్టి వెతికింది. పేరు, ఊరు, మగ్గం నంబరు అన్నీ ఉన్నాయి. పోయాడని ఎక్కించడానికి చోటు లేదు.

"ఆయన లేడని రాయడానికి ఇప్పుడు గడి లేదమ్మా. మా లెక్కలో ఆయన ఉన్నట్టే" అంది.

మహాలక్ష్మమ్మ ఆ తెర వైపు మంచి కంటితో చూసింది.

"ఉంటే ఒక్కసారి పిలిపించు తల్లీ. చీర సగం నేసి అట్టానే మగ్గం మీద పెట్టి పొయ్యాడు. ఆ కొంగు ఎట్టా దించాలనుకున్నాడో నాకు చెప్పలా. అది ఒక్కటి అడిగి పోతా."

ఎగతాళి చేస్తోందేమోనని హైమవతి ఆమె మొహంలోకి చూసింది. అది ఎగతాళి కాదు. ఎగతాళి అయితే హైమవతికి జవాబు తెలుసు. ముసలామె లేచి, బయట వరండాలో సందర్శకుల బల్ల మీద కూచుంటానని చెప్పి వెళ్ళింది. ఎవరి కోసమని అటెండర్ అడిగితే, మా ఆయన కోసమని చెప్పడం తలుపు సందులోంచి వినిపించింది.

ఆఫీసు వేళ అయిపోయింది. శరభయ్యగారు వెళ్ళారు, గుమాస్తాలు వెళ్ళారు. మహాలక్ష్మమ్మ ఒళ్ళో సంచి పెట్టుకుని అక్కడే కూచుని ఉంది. హైమవతి రెండుసార్లు తలుపు దాకా వచ్చి ఆగింది. తర్వాత డ్రైవర్‌కు ఫోన్ చేసి, కారు వెనక గేటు దగ్గర పెట్టమని చెప్పి, కాగితాల గదిలోంచి ఉన్న చిన్న మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయింది.